కొండకును ఏటికిని సాక్షి యెవడు?



ఛాయాచిత్రకళను గూర్చి మాటలాడుమని మీరు నన్ను కోరితిరి. కళను గూర్చి చెప్పుటకు నాకంటె సమర్థు లెందరో కలరు. నేను చెప్పదలచినది సాక్ష్యమును గూర్చి.

మన పడమటి నెల్లూరు సీమకు వెలికొండలు వెన్నెముక, పెన్న ప్రాణనాడి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గమును గజపతులనుండి గెలిచిన సంగతి బాలురు సైతము చదివియున్నారు. కాని నాడు ఆ కొండవాలున నే యే చెట్లు నిలిచియుండెనో చూపు చిత్రము మనకు లేదు. చరిత్రకారులు కోటను వ్రాసిరి, కొండను వ్రాయరైరి.

ఆ లోపమునకు మనము నేడు వెల చెల్లించుచున్నాము. ఎఱ్ఱచందనము లోకములో మఱెక్కడను సహజముగా విరివిగా పెరుగదు. శేషాచలము, వెలికొండ, పాలకొండ మొదలగు గిరులే దాని పుట్టినిల్లు. 1995 నుండి అంతర్జాతీయ వాణిజ్య నియమములు దానిని కాపాడుచున్నను దొంగగొడ్డలి యాగలేదు. చెట్టు కూలును, మోడు మిగులును. రెండు వానలు కురియగనే పొదలు మోడును కప్పివేయును. పిమ్మట నేరమునకు గుర్తేది? అడవికలపతో గరిటెలు, చెంచాలు చెక్కి జీవించు ఉదయగిరి పనివారి బ్రదుకును ఆ యడవితోనే ముడివడియున్నది.

ఒక్కమారుగా వచ్చిన యాపదను లోకము చూచును. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగినప్పుడు దేశమంతయు చూచినది. కాని బండి వెనుక బండిగా ఇసుక తరలిపోవుటను, గట్టు జానెడు జానెడుగా విరిగిపడుటను ఎవరు చూతురు? నిత్యము చూచు కంటికి గాయము గాయముగా తోచదు.

ఇతర దేశములవారు ఈ చిక్కును ముందే గ్రహించిరి. 1861లో వాట్కిన్సు కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయను చిత్రించెను. 1864లో ఆ లోయను రక్షించుచు శాసనమైనది. 1888 ప్రాంతమున ఫిన్‌స్టర్‌వాల్డరు ఆల్ప్సు హిమానీనదములను చిత్రములద్వారా కొలుచుట యారంభించెను. ఒకేచోట నిలిచి యేండ్లతరబడి తీసిన చిత్రములు మంచు తరుగుటను ఎల్లరకు కనబరచినవి.

ఉపగ్రహములుండగా మన కెమేరా యెందులకని కొంద రడుగుదురు. ఉపగ్రహములు భూమిని చిత్రించుచున్న మాట నిజమే. అవి అడవి వైశాల్యమును చెప్పును. గట్టు కోతను, బయటపడిన వంతెనపునాదిని చక్కగ చూపవలెనన్నచో నేలపై నిలుచు మనిషియే కావలెను.

కావున సోమశిలకు దిగువ పెన్నయొడ్డునను, బొగ్గేటి వంతెనలయొద్దను, అనంతసాగరము చెరువుకట్టపైనను, ఉదయగిరి కొండపాదమునను కదలని గుర్తు నొక్కొక్కటి యెంచుకొనుడు. ఏటేట ఈశాన్యపు వానలకు ముందొకటి, వెనుకనొకటి చిత్రము తీయుడు. వరద ఇసుకను మరల తెచ్చును గనుక వేసవి చిత్రమును వానకాలపు చిత్రముతో పోల్చరాదు. కొలత తెలియుటకు ఒక గడకఱ్ఱను నిలుపుడు. తేది, వేళ, చూచిన దిక్కు వ్రాసియుంచుడు. మూలచిత్రమును దిద్దకుడు; రంగు పెంచిన చిత్రము సాక్ష్యము గాదు. దొంగల నెదుర్కొన బోకుడు. అది అధికారుల పని.

ఇది వృథాశ్రమ గాదు. చిన్న ఇసుకరేవులకును పర్యావరణానుమతి కావలెనని సుప్రీముకోర్టు 2012 ఫిబ్రవరి 27న ఆదేశించినది. 2010 నాటి చట్టముచే నేర్పడిన హరిత న్యాయస్థానమున, వివాదకారణము పుట్టిన ఆరు నెలలలో అర్జీ వేయవలెను. తగిన హేతువున్నచో మఱి అరువది దినములు గడువు. ఎన్నడు పుట్టినదని న్యాయాధికారి యడిగినప్పుడు తేదీలేని మాట నిలువదు.

తుదిగా నొక మాట. చెడినచోటనే చిత్రింపకుడు, నేడు చెడనిచోటను ముందుగా చిత్రింపుడు. పచ్చనికొండ చిత్రము లేనివాడు బోడికొండను చూపి యేమి ఋజువు చేయగలడు? మీ చేతిలోని సెల్‌ఫోనే చాలును. ఈ యేటి వానలు రాకమునుపే మొదటి చిత్రమును తీయుడు.