లెక్క తగ్గితే భయం తగ్గినట్టేనా?

(మొవ్వ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏడాది చివర పోలీసు అధికారులు లెక్క చెబుతారు. నేరాలు తగ్గాయంటారు. నేరాల రేటంటే ఏమిటి? లక్ష జనాభాకు నమోదైన కేసులు. నమోదైనవి మాత్రమే! ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపే స్టేషనే కాగితం మీద మంచి స్టేషనవుతుంది.

మన బందరు బిడ్డ సంగతే చూడండి. 2014 జనవరి 5 తెల్లవారుజామున ముంబై కుర్లాలోని లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో రైలు దిగింది. జనవరి 16న హైవే పక్కన శవమై దొరికింది. స్టేషన్‌లో సీసీ కెమెరాలున్నాయి. అవి చూశాయి, కాపాడలేదు. 2015లో కింది కోర్టు నిందితుడికి ఉరిశిక్ష వేసింది. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. కెమెరా దృశ్యాలకు చట్టం అడిగే సర్టిఫికెట్ కూడా పెట్టలేదని తప్పుపట్టింది. మరి ఆ బిడ్డను చంపిందెవరు? ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది.

అలాగని ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెడదామా? చదువుకో, ఉద్యోగానికో మన పిల్లలు బెజవాడ, హైదరాబాద్, ముంబై పోక తప్పదు. అక్కడి స్టేషన్ పనిచెయ్యాలి.

శిక్షార్హమైన తీవ్ర నేరం జరిగిందని ఫిర్యాదు వస్తే కేసు కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013 నవంబర్ 12న లలితా కుమారి కేసులో చెప్పింది. 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకోవాలి. ‘‘మా పరిధి కాదు’’ అనే మాట చెల్లదు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. అడిగి తీసుకోండి.

అంకెలు పెరిగితే పెరగనీయండి, కేసులు రాయాలి. ఈసారి లెక్క చెప్పినప్పుడు మనం నిలదీయాల్సిన ప్రశ్న ఒక్కటే: కేసు రాయకుండా ఎంతమందిని వెనక్కి పంపారు?