చింత – విశ్వాసము: రోగుల కుటుంబసభ్యులకు ఒక మాట

(ఆసుపత్రి ప్రార్థనా మందిరములో, రోగుల బంధువుల ఉదయ కూడికలో చాప్లెయిన్ చేసిన ప్రసంగము)

మీలో క్రైస్తవులు కానివారు కూడా ఉన్నారని నాకు తెలుసు. మీరు వచ్చినందుకు ఎంతో సంతోషము. మా మాట మీకు ఉపయోగపడితే తీసుకోండి. లేకపోయినా పరవాలేదు, కాసేపు ఈ ఫ్యాను క్రింద కూర్చుని వెళ్ళండి.

లోపల మంచము మీద ఉన్నవారికి కేసు షీటు ఉంది. వేళకు వచ్చి బి.పి. చూసే సిస్టరు ఉన్నారు. ఉదయము, సాయంత్రము రౌండ్సుకు డాక్టరుగారు వస్తారు. బయట బెంచీ మీద, మెట్ల మీద, వరండాలో చాప వేసుకుని ఉన్న మీకు కేసు షీటు లేదు. మీకు నిద్ర పట్టిందా అని అడిగేవారు లేరు. అందుకే ఈ ఉదయము మీ గురించే మాట్లాడదలిచాను.

రాత్రివేళ వార్డుల వైపు వెళ్ళినప్పుడు నన్ను ఆపి చాలామంది అడుగుతుంటారు. ఆపరేషను అయ్యాక మనిషి లేచి నడుస్తాడా? రేపు కట్టవలసిన డబ్బు ఎక్కడ నుండి తేవాలి? ఇంటి దగ్గర పిల్లలు తిన్నారో లేదో. గేదెకు ఎవరు పాలు పిండుతున్నారో. ఒక్క మనస్సు ఇన్నిచోట్ల తిరుగుతుంది. చితికీ చింతకూ ఒక్క సున్నాయే తేడా అని మన పెద్దలు ఊరికే అనలేదు. మత్తయి సువార్త 6వ అధ్యాయములో చింతకు వాడిన గ్రీకు మాటలో మనస్సు ముక్కలుగా చీలిపోవడము అనే భావము ఉందని వ్యాఖ్యాతలు చెబుతారు. ఐ.సి.యు. బయట ఒక్క రాత్రి గడిపినవారికి ఈ అర్థము ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

చింత మనస్సులోనే ఆగిపోదు, శరీరములోనికి దిగుతుంది. ప్రమాదము వచ్చిందనుకుని శరీరము అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులను విడుదల చేస్తుంది. గుండె వేగముగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, షుగరు పెరుగుతుంది, నిద్ర దూరమవుతుంది. పరుగెత్తి తప్పించుకోవలసిన ప్రమాదమైతే ఈ ఏర్పాటు మేలే. కాని పది రోజులు బెంచీ మీద కూర్చున్నవానికి ఇది హాని చేస్తుంది. దానికితోడు మీలో చాలామంది మీ సొంత మందులు ఇంటి దగ్గర వదిలి వచ్చారు. భర్తకు ఇన్సులిన్ వేళ తప్పకుండా చేయించే భార్య తన షుగరు బిళ్ళ వేసుకుని నాలుగు రోజులైందని చెబుతుంది! అమ్మా, అది ప్రేమే. కాని రేపు మీరు కూడా పక్క మంచము ఎక్కితే ఆయనను ఎవరు చూస్తారు?

ఇప్పుడు వాక్యము దగ్గరకు వద్దాము. చింతపడవద్దని యేసు ప్రభువు చెప్పినది ధనవంతులతో కాదు. ఆయన మాటలు విన్నవారిలో చేపలు పట్టేవారు, రోజు కూలివారు ఉన్నారు. ఏమి తింటాము, ఏమి కట్టుకుంటాము అన్నది వారికి నిజమైన ప్రశ్న. ఆయన దానిని తేలికగా కొట్టిపారవేయలేదు. మీకు ఇవన్నీ కావాలని మీ తండ్రికి తెలుసు అన్నాడు. రేపు కష్టము రాదని కూడా ఆయన ఎక్కడా మాట ఇవ్వలేదు. ఏ రోజు కష్టము ఆ రోజుకు ఉంటుందని ఒప్పుకున్నాడు. రేపటిది తెచ్చి ఈ రోజు మీద పెట్టుకోవద్దన్నాడు, అంతే.

ఆ మాటల మధ్యనే దేవుని రాజ్యమును, ఆయన నీతిని మొదట వెదకమనే ఆజ్ఞ ఉంది. దేవునికి మొదటి స్థానము ఇవ్వడమంటే ఆసుపత్రిలో ఏమి చేయాలి? కొందరు దీనిని బేరముగా చేసుకుంటారు. మా నాన్న బాగైతే ఇంత కానుక వేస్తాము, ఇన్ని ఉపవాసాలు చేస్తాము అంటారు. దేవుడు బిల్లింగు కౌంటరులో కూర్చోలేదు, అడ్వాన్సు కడితేనే చూస్తాననడానికి. మరికొందరు విశ్వాసముంటే మందులెందుకని డిశ్చార్జి అడుగుతారు. ఇది మరీ ప్రమాదము. పౌలు పక్కన ఉన్న లూకా వైద్యుడు. అతనిని ప్రియమైన వైద్యుడని పిలవడానికి పౌలు సంకోచించలేదు. మందు మానడము విశ్వాసానికి గుర్తు అని నేను ఒప్పుకోను.

నీతి అనే మాట దగ్గర కాస్త ఆగండి. మొదట వెదకవలసినది రాజ్యమునే కాదు, నీతిని కూడా. మంచము పక్కనే అన్నదమ్ములు ఎవరి వాటా ఎంత అని తగవుపడడము ఈ వార్డులలో మేము చూస్తూనే ఉన్నాము. కోడలు వచ్చిన వేళావిశేషమని ఒకరు, కూతుళ్ళు చూడలేదని ఒకరు. ముసుగు వేసుకుని పడుకున్న తండ్రికి అన్నీ వినబడుతూనే ఉంటాయి. నూటికి అయిదు వడ్డీకి కంగారుగా అప్పు తెచ్చి, ఇంట్లో ఎవరికీ చెప్పక లోలోపల కుమిలిపోయేవారు మరికొందరు. దేవునికి మొదటి స్థానమంటే ఈ రోజు అన్నకు ఫోను చేసి మర్యాదగా మాట్లాడడము. ఉన్న డబ్బు ఇంత అని డాక్టరుగారితో నిజము చెప్పడము. ఎవరి వలన ఈ జబ్బు వచ్చిందని లెక్కలు తీయకపోవడము. పుట్టు గ్రుడ్డివాని విషయములో ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, అతనిదీ కాదు, అతని తలిదండ్రులదీ కాదని ప్రభువు చెప్పాడు గదా. ఇలాంటి పని ఒక్కటి చేసి చూడండి. చింతలో సగము అక్కడే కరుగుతుంది, ఎందుకంటే మన చింతలో సగము దాచుకున్న మాటలే.

పౌలు సంగతి ఒకటి చెబుతాను. దేనిని గూర్చియు చింతపడక ప్రార్థనలో దేవునికి తెలియజేయమని ఫిలిప్పీయులకు వ్రాసినవాడు ఆయనే. 4వ అధ్యాయములోని ఆ మాట అందరికీ తెలుసు, కేలండర్ల మీద కూడా ఉంటుంది. 2వ అధ్యాయము మాత్రము అంతగా ఎవరూ చదవరు. అక్కడ ఎపఫ్రొదితు అనే స్నేహితుడు జబ్బుపడి చావుకు దగ్గరగా వెళ్ళాడు. అప్పుడు పౌలు ఖైదులో ఉన్నాడు. ఆ స్నేహితుడు పోయి ఉంటే నాకు దుఃఖము మీద దుఃఖము కలిగేదని దాచకుండా వ్రాశాడు. చింతపడవద్దన్నవాడే ఆ మాట అన్నాడు! కాబట్టి మీకు కన్నీళ్ళు వస్తే మీ విశ్వాసము తక్కువైందని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంకొకటి కూడా అక్కడ ఉంది. తనకు జబ్బు చేసిందని ఇంటి దగ్గరవారికి తెలిసిందే అని రోగియే బాధపడ్డాడట. మన వార్డులలోనూ అంతే. తల్లి కళ్ళు తెరిచి మొదట చూసేది సెలైను సీసాను కాదు, మీ ముఖాన్ని. మీరు తిన్నారా లేదా అని చూస్తుంది.

అందుకే తినండి. 1 రాజులు 19లో ఏలీయా ఇక చావే మేలని బదరీ వృక్షము క్రింద పడుకున్నప్పుడు దేవుడు అతనికి ప్రసంగము చేయలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్ర, మళ్ళీ భోజనము. మాట్లాడినది తరువాతనే.

మన గుంటూరుకు 1883లో అమెరికా నుండి లూథరన్ మిషన్ పక్షమున డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు వచ్చారు. ఆమె డాక్టరే గాని, మిషన్ వారు మొదట పంపినది ఘోషా స్త్రీల ఇండ్లలో బోధించే పనికి. ఆసుపత్రి తెరిచినది 1898లో, అంటే పదిహేను సంవత్సరాల తరువాత. అప్పటివరకు ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆసుపత్రి ఎప్పుడు వస్తుందో తెలియకపోయినా, ముందుకు వచ్చిన రోగిని ఆ రోజు చూశారు.

మీరు కూడా ఈ రోజు చేయగలిగినది చేయండి. ఉదయము ఫోను చూడకముందే రెండు నిమిషాలు దేవునితో ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పండి. భయమైతే భయమని చెప్పండి. ఆ తరువాత డాక్టరుగారిని అడగవలసిన మూడు ప్రశ్నలు కాగితము మీద వ్రాసుకోండి, రౌండ్సులో మరచిపోతారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఆంధ్రలో ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరుతో ఉంది, తెలంగాణలో ఆ పేరుతోనే ఉంది. మీ జబ్బు అందులోకి వస్తుందేమో కౌంటరులో అడగకుండా పొలము తాకట్టు పెట్టవద్దు. రాత్రి కాపలాకు వంతులు వేసుకోండి. నలుగురున్న ఇంట్లో ఒక్క మనిషే జాగారము చేయడము భక్తి కాదు. రోజుల తరబడి నిద్ర లేక, బ్రతకాలనే లేదనిపిస్తే అది దాచవలసినది కాదు. సిస్టరుకు గాని నాకు గాని వెంటనే చెప్పండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ 2022 నుండి ఉంది. 14416కు ఏ వేళనైనా ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ మనస్సులో ఉన్న చివరి ప్రశ్న కూడా నాకు తెలుసు. ఇంత ప్రార్థించినా బాగు కాకపోతే? కొందరు బాగుపడరు. ఈ మందిరములో నిలబడి నేను అబద్ధము చెప్పలేను. గెత్సేమనే తోటలో యేసు కూడా ఈ గిన్నె తొలగిపోతే బాగుండునని అడిగాడు. ఆయన చెమట రక్తబిందువుల వలె పడిందని లూకా వ్రాశాడు. ఆయనతో మెలకువగా ఉండవలసిన స్నేహితులు నిద్రపోయారు. గిన్నె తొలగలేదు. అయినా తండ్రీ అని పిలవడము ఆయన మానలేదు, తన ఇష్టము కంటే తండ్రి ఇష్టమును ముందు పెట్టాడు. రాత్రి రెండు గంటలకు ఐ.సి.యు. తలుపు దగ్గర మీరు కూర్చున్నప్పుడు మీ ప్రక్కన ఉన్నవాడు ఆ రాత్రి గడిపినవాడే.

ఎనిమిదింటికి రౌండ్సు మొదలవుతాయి. ఇప్పుడు వెళ్ళి టిఫిను చేయండి. బిళ్ళలు వేసుకోవలసినవారు మరువకండి. ఎవరి కొరకైనా ప్రార్థన కావాలంటే రోగి పేరు, వార్డు నంబరు ఈ పుస్తకములో వ్రాసి వెళ్ళండి, లేదా ఇక్కడే కూర్చోండి, నేను వస్తాను.