మన చెరువులు, మన చేపలు
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)

 

అమెరికాలో ఎల్వా అను నది గలదు. సాల్మన్ చేపలు సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు ఆ ఏటికి ఎదురీది వచ్చును. రెండు ఆనకట్టలు ఇంచుమించు నూరేండ్లు వాని దారిని మూసివేసినవి. అచ్చటి ఆదివాసులైన క్లాలం ప్రజలు దశాబ్దముల తరబడి పట్టుపట్టగా, 2011 మొదలు 2014 వరకు ఆ కట్టలను తొలగించిరి. చేపలు మరల ఎగువకు చేరినవి. ఈ కథతో కోలారు బంగారు గనుల వారికి ఏమి పని యని మీరడుగవచ్చును. పని యున్నది.

మన జిల్లాలో ఏడాది పొడుగునా పారు నది లేదు. నంది కొండల వైపు పుట్టిన పాలారు వాన కురిసిననాడే నది. అందుచేత పెద్దలు చెరువునకు చెరువును గొలుసుకట్టుగా కట్టిరి. పై చెరువు అలుగు పారిన నీరు రాజకాలువ వెంట క్రింది చెరువును చేరును. ఆ పారుదలకే చేప ఎదురెక్కును. కొర్రమీను గట్టువార తుంగలో గ్రుడ్లు పెట్టి, పిల్లలు ఈదనేర్చువరకు కాచుకొని యుండును. (తల్లిదండ్రుల సభ గనుక ఈ మాట ప్రత్యేకించి చెప్పితిని.) మన గనుల ఊరికి ఎన్నో ఏండ్లు నీరిచ్చిన బేతమంగళము చెరువును ఈ గొలుసులోనిదే.

ఆ గొలుసు తెగినది. కాలువలు ఆక్రమణలపాలయ్యెను, నీలగిరి తోటలు వ్యాపించెను, బోరుబావులు వేయి అడుగులు దాటెను. పూర్వము నీరుగంటి తూము చూచుకొనెడివాడు, రైతులు ఒండ్రు ఎత్తి పొలమునకు తోలుకొనెడివారు. బోరు వచ్చిన పిమ్మట చెరువుతో పనిలేదనుకొనిరి. 2002లో ప్రపంచబ్యాంకు సహాయముతో ఆరంభమైన పథకము క్రింద ఊళ్ళలో చెరువు సంఘములు ఏర్పడి పూడిక తీయించినవి. మంచి పనియే. కాని యంత్రము గట్టువార తుంగను కూడ గీకివేసినచో కొర్రమీను ఎచ్చట గ్రుడ్లు పెట్టును?

2018 జూన్ మొదలు బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోరమంగల - చల్లఘట్ట లోయ పథకము ద్వారా మన జిల్లా చెరువులకు పంపుచున్నారు. దినమునకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు అని పథకపు లెక్క. ఎండిన చెరువు నిండినపుడు రైతు పొందిన సంతోషమును కాదనరాదు. అయితే అది రెండు దశల శుద్ధి మాత్రమే. భూగర్భజలమును పెంచుటకే గాని త్రాగుటకు కాదు. 2018 జులైలో నీటిపై నురుగు తేలగా వ్యవహారము హైకోర్టునకు పోయెను. మూడవ దశ శుద్ధి కావలెనని అడుగు రైతులను అభివృద్ధి విరోధులనుట అన్యాయమని నా అభిప్రాయము.

గనులు 2001లో మూతపడినవి. వానిని తెరచుట మన చేతిలో లేదు. కాలువ తెరచుటలో మన పాలు కొంత గలదు. ఈ యేడు వానలకు ముందు తొమ్మిదవ తరగతి విద్యార్థులు బేతమంగళమునకు పోయి, ఏ కాలువ ఎచ్చట మూసుకొనిపోయినదో పటముపై గీయుదురు. నీరుగంటి కుటుంబముల వృద్ధులను అడిగి చేపల తెలుగు, కన్నడ పేర్లు వ్రాసికొందురు. ఆ పటమును గ్రామ పంచాయతీకి అందజేయుదము. ఆనాడు తల్లులు పిల్లలకు సద్దికట్టి పంపవలెనని కోరుచున్నాను.