ఔను, కాదుల నడుమ
(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన యుపన్యాసము)



ఒక శాస్త్రవిషయమును గూర్చి ముచ్చటింపుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నేను చిరకాలము రసాయనశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్నవాఁడను, వక్తను గాను. తెలిసిన నాలుగు మాటలు విన్నవింతును.

క్రొత్త పెండ్లికూతురు గడపకడ నిలువఁగానే ముత్తైదువలు పసుపునీళ్లలో సున్నము గలిపి యెఱ్ఱనీళ్లు దిగదుడుచుట మీరెఱిఁగినదే. సున్నమును చిటికెఁడు చిటికెఁడుగా వేసి చూడుఁడు. పసుపువన్నె యెచ్చట ముగిసినది? ఎఱుపెచ్చట మొదలైనది? గీత గీసి చూపఁగలవారు లేరు. నేఁటి నా యుపన్యాసమంతయు నీ ప్రశ్నయందే యిమిడియున్నది.

1854వ సంవత్సరమున జార్జి బూల్ అను పండితుఁడు ఆలోచనాసూత్రములను గూర్చి గ్రంథము వ్రాసి తర్కమును గణితముగా మార్చెను. ఔనన్న 1, కాదన్న 0. నేఁటి కంప్యూటరులు చాలవఱకు నీ రెండంకెలపై నడచుచున్నవి. అయితే లోకములో ‘పొడవు’, ‘వేఁడి’, ‘పులుపు’ అను మాటలకు రెండంకెలు చాలవు. 1965లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున లోత్ఫీ జాదే అను నాచార్యుఁడు, ఒక వస్తువు ఒక వర్గమునకు 0 మొదలు 1 వఱకు ఎంత పాలైనను చెందవచ్చునని ప్రతిపాదించెను. అదియే ఫజీ లాజిక్. మనము మసక తర్కమందము. మసక తర్కమన్న తికమక తర్కము గాదు. మసకను సయితము లెక్కలో నిముడ్చు తర్కము. ఇందు ‘ఇదియు నదియు’ నన్నచో రెండింటిలో చిన్న విలువను, ‘ఇదియో యదియో’ యన్నచో పెద్ద విలువను గైకొనుట వాడుక. ఇది సంభావ్యత గాదు. ‘కడవ నిండియుండుటకు సగము అవకాశము గలదు’ అనుట వేఱు. ‘కడవ సగము నిండినది’ అనుట వేఱు.

ఇఁక రసాయనశాస్త్రమునకు వత్తము. 1993లో బెల్‌ఫాస్టు నగరమందలి క్వీన్స్ విశ్వవిద్యాలయమున, శ్రీలంకలో జన్మించిన ప్రసన్న డి సిల్వాయును ఆయన సహచరులును ఒక యణువును నిర్మించిరి. సోడియం అయానులును ఆమ్లమును రెండును సమృద్ధిగా నున్నప్పుడే యది మిక్కిలి ప్రకాశించును. అనఁగా ‘ఇదియు నదియు’ నను తర్కమును ఒక్క యణువు నెఱవేర్చినది! ఈ జాతి వెలుఁగునణువుల సాయముననే నేఁడు కొన్ని యంత్రములు రక్తములోని సోడియం, పొటాసియం, కాల్షియముల పాళ్లను కొలిచి రోగుల కుపకరించుచున్నవి. మఱుసటి సంవత్సరము, 1994లో, అమెరికాలో లెనార్డ్ ఆడిల్‌మన్ ఏడు పట్టణములను ఒక్కొక్కమాఱే తాఁకు దారిని డి.ఎన్.ఏ. పోఁగులచేత వెదకించెను.

అయితే ద్రావణములోని యణుసమూహము దీపపు స్విచ్చివలె తటాలున వెలిఁగి యాఱునది గాదు. ఆమ్లము కొలఁదికొలఁదిగా పెరుగఁగా వెలుఁగును కొలఁదికొలఁదిగా మాఱును. నడిమి వెలుఁగును తప్పుగా నెంచి త్రోసివేయనేల? దానినే విలువగా గ్రహింపరాదా? ఇటలీదేశమున పెరూజియా విశ్వవిద్యాలయమందలి పియెర్ లుయీజి జెంటీలి మున్నగువారు ఈ మార్గమున పరిశోధించుచున్నారు. మన కన్నే వారికి గురువు. కంటిలో వర్ణమును గ్రహించు కణములు మూఁడు తెగలు. వాని యెల్లలు ఒకదానిపై నొకటి పరచుకొనియున్నవి. ఏ యొక్క తెగయు తానుగా రంగును నిర్ణయింపలేదు. ఏ తెగ యెంత చలించినదను పాళ్లనుబట్టియే మనకు వన్నెలు తోఁచును. ఎల్లలు కలిసిపోవుట యిచ్చట లోపము గాదు. అదియే చూపునకు మూలము.

ఇచట నా తప్పొకటి యొప్పుకొనవలసియున్నది. చాలయేండ్ల క్రిందట ప్రయోగశాలలో నొక విద్యార్థికి బ్రోమోథైమాల్ బ్లూ అను సూచకమిచ్చితిని. అది ఆమ్లమున పసుపు, క్షారమున నీలము. పుస్తకములో రెండే గడులు. ఆ బాలుఁడు రెండింటిని విడిచి, అంచున ‘ఆకుపచ్చ’ అని వ్రాసెను. నేను కొట్టివేసి సున్న వేసితిని. నిజమున కతఁడు కన్నదే సత్యము: ఆ ద్రావణము దాదాపు తటస్థము, సూచకపుటణువులలో కొన్ని యొకరూపమునను, కొన్ని మఱియొకరూపమునను ఉండుటచే పసుపు నీలములు గలిసి పచ్చయైనవి. తప్పు గడులది, దండన బాలునిది. అతఁడు మఱుసటి యేఁడు రసాయనశాస్త్రము విడిచెను. కారణమదియే యని చెప్పఁజాలను; కాదనియు చెప్పఁజాలను.

పోషకులారా! మీరు విద్యార్థులకు వసతిగృహములు గట్టించుచున్నారు, వేతనము లొసఁగుచున్నారు. వానితోడ ఒక చిన్న ప్రయోగశాలను గూడ నొసఁగుఁడు. ఉపాధ్యాయులారా! పుస్తకములో రెండు గడులకు నడుమ మూఁడవదానికి తావిండు. బాలబాలికలారా! గడిలో నిముడకున్నను కన్నది కన్నట్లు వ్రాయుఁడు. ఆ బాలుఁడు ఎక్కడనున్నను, ఆనాఁటి సున్నను నేఁడీ సభాముఖమున కొట్టివేయుచున్నాను.