పాత పాస్‌పోర్టు పారేయకండి



సౌదీలో 30 ఏళ్లు కష్టపడి, ఫైనల్ ఎగ్జిట్‌పై వచ్చిన ఒక పెద్దాయన, ఇక పనేముందని పాత పాస్‌పోర్టులు పారేశారు. పన్ను నోటీసు రాగానే మా దగ్గరకొచ్చారు. ఎన్నాళ్లు ఎక్కడున్నారో చూపే ముద్రలు వాటితోనే పోయాయి!

తిరిగొచ్చిన ఏటికి ముందు 7 ఏళ్లలో ఇండియాలో ఉన్నది 729 రోజులు మించకుంటే, ఆ ఏడు అక్కడే చేతికందిన జీతం బాకీలపై ఇక్కడ పన్ను పడదు. రుజువు చూపాల్సింది మాత్రం మనమే. ఎన్.ఆర్.ఇ. ఖాతాను కూడా, స్థిరపడేందుకు వచ్చామని బ్యాంకుకు చెప్పి మార్పించుకోవాలి.

ఉర్దూ చదివాం, అరబ్బీ చదివాం. ఇంగ్లీషు కాగితమొస్తే భయపడి పెట్టెలో దాస్తున్నాం. దాచకండి. సొసైటీకి తీసుకురండి, కూర్చొని చదువుదాం. ఖుదా హాఫిజ్.