దూరపు పైసలు, ఇంటి కాడి దుకాణం

 

గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌గా నెలనెలా ఫోన్‌పే చప్పుడు కోసం ఎదురుచూసే తల్లులను చూస్తుంటాను. మన టేకుమట్ల 2016లో మండలమైంది. 2018 చట్టంతో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. పని మాత్రం పత్తి చేను ఉన్నన్ని రోజులే. అందుకే కొందరు హైదరాబాద్‌కు, కొందరు గల్ఫ్‌కు పోతున్నారు.

మా ఇంటి సంగతే చెప్తాను. మా అన్న లక్షన్నర అప్పు చేసి గల్ఫ్ పోయాడు. నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే నెలకు మిత్తే 4,500. ఆ అప్పు ఉండగానే వదిన కిరాణం పెట్టింది. పెట్టమన్నది నేనే. టీచర్ ట్రైనింగ్ చేసిన దాన్ని, లెక్క వేయకుండా సలహా ఇచ్చాను. తండాలో అందరూ మనవాళ్లే, ఉద్దెర లేదనేదెట్లా? ఏడాది తిరిగేసరికి అరలు ఖాళీ, ఉద్దెర పుస్తకం నిండు. దుకాణం మూతపడింది.

తర్వాత అన్న పంపినదంతా ముందు అప్పుకే కట్టాం. నెలకు 4,500 మిగలడం కన్నా పెద్ద లాభం ఏ దుకాణం ఇస్తుంది? అప్పు తీరాకే కుట్టుమిషన్ కొన్నాం. అప్పుడు వదిన, "బిడ్డను ఇంటర్ మాన్పిస్త, నాకు తోడుంటది" అన్నది. "వదినా, అన్న ఎండల పడే కష్టం ఎవరి కోసం?" అని అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు మా మేనకోడలు కాలేజీకి పోతుంది. ఆదివారం మాత్రం తల్లికి లెక్క రాసిపెడుతుంది.

మీరు చేయగలిగిన పనీ అదే. ఇంటి ఖర్చుకు ఒక పుస్తకం, దుకాణానికి ఒక పుస్తకం పెట్టండి. దుకాణంలోంచి తీసుకున్న సబ్బుబిళ్ల కూడా రాయండి. ఉద్దెరకు హద్దు గీయండి. పెట్టుబడి చాలకపోతే మళ్లీ మిత్తి వ్యాపారి దగ్గరికి పోకండి. ముద్ర పథకంలో శిశు రుణం 50,000 వరకు తాకట్టు లేకుండా అడగొచ్చు. అమ్మ మహిళా సంఘంలో ఉంటే స్త్రీనిధి ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

ఈ రాత్రి నాన్నకో అన్నకో ఫోన్ చేసినప్పుడు, "ఎప్పుడు పంపుతవు?" అని కాదు, "అప్పు ఇంకెంత ఉంది?" అని అడగండి. లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టండి.

సెలవు.