కారు అద్దమునకు నలుపెంత?

మే నెల మధ్యాహ్నమున సికిందరాబాదు స్టేషను ముందు కారులో వేచియున్నప్పుడు, అద్దములకు నల్లని పొర వేయించుకొనవలెనని మనలో ఎవరికి తోచదు? కోరిక తప్పు కాదు. కాని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో నూఱవది, ముందు వెనుక అద్దములు నూటికి 70 పాళ్లు, ప్రక్క అద్దములు 50 పాళ్లు అయినను వెలుతురును పోనీయవలెనని శాసించుచున్నది.

ఇచ్చట మనము లెక్క చూచుకొనవలెను. అద్దమే 70 పాళ్లు పోనిచ్చునది. దానిపై 70 పాళ్ల పొర నంటించితిమి. మిగులునది డెబ్బదిలో డెబ్బది పాళ్లు, అనగా 49. ప్రక్క అద్దమునకు సైత మది చాలదు. "పలుచని పొరయే గదా" యను దుకాణదారుని మాట నమ్మి మోసపోవువారు పెక్కుమంది.

2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, ఎంత పలుచని పొరయైనను అంటింపరాదని తీర్పు చెప్పినది; నల్లని అద్దముల చాటున జరుగు నేరములు అందుకొక కారణము. తరువాత నిబంధన సవరింపబడినది. దానిని బట్టి 2024లో కేరళ హైకోర్టు, ఆ పాళ్లకు లోబడిన పొర తగునన్నది. అంకెలు మాత్రము కదలలేదు.

పగటి యెండకు పొర హాయియే. సంజచీకటిలో క్లాక్ టవరు కడ ప్రక్కనుండి దారి దాటవచ్చు ముదుసలి, మనకు ఆ 49 పాళ్ల వెలుతురులోనే కనబడవలెను.